వెలుగును మరల్చు ధ్వని, అంకెను మార్చు విద్యార్థి

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున మన తడలో బడిపిల్లలే గాక పెద్దలును మిద్దెలెక్కుదురు. తూర్పున పులికాటు సరస్సున కావల తొలుత వెలుగు కనబడును. అప్పు డేమియు చప్పుడుండదు. రాకెట్టు మబ్బులు దాటి చిన్నదై పోవుచుండగా, నిమిషమునకు పైగా గడచిన పిమ్మట, కిటికీ తలుపులను గడగడలాడించుచు ఉరుమువంటి మ్రోత మనయొద్దకు వచ్చును. 1971వ సంవత్సరమున అచ్చట తొలి రాకెట్టు లేచినది మొదలు ఈ యూరి వారికి ఇది వాడుకైన వింత. ప్రయోగవేదిక మనకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. ధ్వని గాలిలో సెకనుకు 350 మీటర్ల చొప్పున నడచును. వెలుగు అదే సెకనులో 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. కావున ఒకటి ముందు, ఒకటి వెనుక. ఇది చూచిన బాలుడు వెలుగునకును ధ్వనికిని ఎట్టి పొత్తును లేదని తలచిన, వానిని తప్పు పట్టజాలము.

అట్టి పొత్తు కలదనియు, ధ్వని వెలుగును దారినుండి మరల్పగలదనియు మన పాఠశాల పై తరగతి బాలబాలికలు గడచిన సంవత్సరము కన్నులార చూచిరి. ఒక కళాశాలవారు దయతో నెరవిచ్చిన స్ఫటికపు బిళ్లయు, దానిని కంపింపజేయు యంత్రమును, అంగడిలో దొరకు ఎఱ్ఱని లేజరు దీపమును, ఒక కటకమును, చదరపు గాజుతొట్టియు, ఒక గోడయు: ఇవియే సాధన సామగ్రి. తొట్టెడు నీటిలో బిళ్లను దింపిరి. దీపపు కిరణమును నీటిగుండా పంపి ఆరు మీటర్ల దూరముననున్న సున్నపు గోడమీద చిన్న చుక్కగా నిలిపిరి. యంత్రమును త్రిప్పగానే ఆ యొక్క చుక్క కిరుప్రక్కల మరి కొన్ని చుక్కలు సమాన దూరములలో, దండలో పూసలవలె, మొలచినవి. యంత్రము నాపగానే అవి మాయమైనవి. మరల త్రిప్పిరి, మరల వచ్చినవి. బిళ్ల సెకనుకు 30 లక్షల మారులు కంపించుచున్నది. మన చెవి వినగలిగినది సెకనుకు 20 వేల కంపనముల వరకే. కనుక గదిలో ఏ చప్పుడును లేదు. వినరాని ధ్వని కనబడినది!

ఇది యేల జరుగును? ధ్వని నీటిలో పోవునపుడు ఒక పొరను నొక్కును, దాని ప్రక్క పొరను సడలించును. ఇట్లు దట్టమైన పొరలును పలుచని పొరలును ఒకదాని ప్రక్క నొకటి వరుసదీరును. నీటిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 1500 మీటర్లు గనుక, 30 లక్షలచే భాగించినచో, ఒక దట్టపు పొరకును తరువాతి దట్టపు పొరకును నడుమ దూరము అర మిల్లీమీటరు తేలును. వెలుగు దట్టమైన పొరలో కొంచెము నెమ్మదిగాను, పలుచని పొరలో కొంచెము వడిగాను పోవును. అందుచే సమతలముగా తొట్టిలో జొచ్చిన కాంతి తరంగము, ఆవలి ప్రక్కకు వచ్చునప్పటికి మెట్టపల్లములు గలదై, దున్నిన చేనివలె వెడలును. అట్టి తరంగము నేరుగా మాత్రమే పోజాలదు. కొంత నేరుగాను, కొంత కుడికిని, కొంత యెడమకును చీలిపోవును. దీనినే వివర్తనమందురు.

మన పిల్లలకు దీనిని బోధించుటకు నేను పుస్తకములను వెదకలేదు. పులికాటులో పడవమీద పోయినవారందరు ఎఱిగినదే: మోకాలిలోతు తేటనీటిలో, చిన్న అలలు లేచినపుడు, అడుగున ఇసుకమీద మెఱుపు గీతలు వలవలె ఆడుచుండును. ఆ నీరు వెలుగునెచ్చటను అడ్డగించుట లేదు. పైభాగము ఎగుడు దిగుడగుటచే మాత్రమే వెలుగొకచోట ప్రోగై ఒకచోట పలుచనైనది. తొట్టిలోని కథయు ఇంచుమించిట్టిదే. జాలరి కుటుంబపు బాలిక యొకతె వెంటనే, “అయ్యా, అడుగున గీతలుండుట మా నాయనకును తెలియును, అయితే దీనికి నోబెల్ బహుమానము ఏల?” అని యడిగెను. బహుమానము దీనికి గాదని చెప్పి నవ్వితిమి గాని ఆ ప్రశ్న మంచిది. చూచుట వేరు, కొలుచుట వేరు. ఆ భేదమును గూర్చియే ఈ వ్యాసము.

ముందుగా ఈ ప్రయోగపు పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. ఏలయన మనవారి పాలు ఇందులో తక్కువైనది కాదు. ధ్వని తరంగములు వెలుగును మరల్పగలవని ఫ్రాన్సు దేశీయుడగు బ్రిలువా 1922లోనే గణించి చెప్పెను. పదేండ్లకు, 1932లో, అమెరికాలో డిబై, సియర్స్ అనువారును, ఫ్రాన్సులో ల్యూకా, బికార్ అనువారును, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే దానిని ప్రయోగమున చూపిరి. కాని వారు చూచినది బ్రిలువా చెప్పిన దానికంటె వింతగా నుండెను. ప్రక్కకు ఒకటి రెండు చుక్కలు గాక పెక్కు చుక్కలు వచ్చినవి. ధ్వనిని హెచ్చించిన కొలది ఒక చుక్క వెలిగి, మఱియొకటి మాసి, మాసినది మరల వెలుగుచుండెను. నడిమి చుక్కయే ఒక్కొక్కప్పు డారిపోవుచుండెను. దీని కెవ్వరును సరియైన కారణము చెప్పజాలకుండిరి.

ఆ ముడిని విప్పినది బెంగుళూరున. చంద్రశేఖర వెంకట రామనుగారును, వారి శిష్యుడు నాగేంద్రనాథుగారును 1935, 1936 సంవత్సరములలో భారత విజ్ఞాన అకాడమీ పత్రికలో ఐదు వ్యాసములు వరుసగా ప్రకటించి, ధ్వని కాంతిబలమును మార్చక దాని దశను మాత్రమే మార్చునని పట్టుకొని, ఏ చుక్క ఎంత వెలుగవలెనో లెక్కగట్టిరి. ఆ లెక్కనుబట్టియే నడిమి చుక్క ఆరిపోవు వేళయు తేలినది. నేటికిని లోకమున ఏ ప్రయోగశాలలోనైనను ఈ విషయము నెత్తినచో రామన్–నాథ్ సిద్ధాంతమనియే మొదలుపెట్టుదురు. లేజరు కిరణమును క్షణములో ఆర్పి వెలిగించు పరికరములు, దాని త్రోవను మార్చు పరికరములు పెక్కింటికి మూలమిదియే.

రామనుగారు 1888లో తిరుచిరాపల్లిలో పుట్టినవారే యైనను, బాల్యము విశాఖపట్టణమున గడచినది. అచ్చటి సెయింట్ అలోషియస్ పాఠశాలలో, అనగా మనవంటి ఒక మిషను పాఠశాలలో, చదివి పదునొకండవ యేట మెట్రిక్యులేషను నెగ్గిరి. ఈ సంగతి మన బాలురకు పలుమారు చెప్పుటలో నాకొక స్వార్థము కలదని ఒప్పుకొనుచున్నాను.

తెలుగు దేశమున ఈ విద్యకు నెలవు కల్పించినవారు సూరి భగవంతముగారు. 1909లో కృష్ణా మండలము ఆగిరిపల్లిలో జన్మించి, యౌవనమున కలకత్తాలో రామనుగారియొద్ద పనిచేసి, 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. అచ్చట వారును, భీమసేనాచారిగారు, రామచంద్రరావుగారు మొదలైన శిష్యులును, ఈ యతిధ్వనులను సాధనముగా గొని స్ఫటికముల స్థితిస్థాపకతను కొలిచిరి. మిక్కిలి హెచ్చు కంపనములుగల ధ్వనిచే కలుగు కాంతి వివర్తనమును 1940ల చివర పరీక్షించిరి. ఇప్పటివలె అంగడిలో కొనదెచ్చు యంత్రములు నాడు లేవు. కావలసినదానిని చాలవరకు ప్రయోగశాలలోనే కూర్చుకొనవలసి యుండెను. భగవంతముగారు పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగాను, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు అధిపతిగాను, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగాను ఉండి 1989లో కాలధర్మము నొందిరి.

ఇక అసలు సంగతి. గోడమీద చుక్కలు చూచి చప్పట్లు కొట్టిన సాయంకాలము గడచిన తరువాత, విద్యార్థులను నాలుగు జట్లుగా విభజించి, చుక్కల నడుమ దూరమును కొలిచి నీటిలో ధ్వనివేగమును కనుగొనుడని చెప్పితిని. లెక్క కష్టమైనది కాదు. ఎడమ మూడవ చుక్కనుండి కుడి మూడవ చుక్కవరకు గల దూరమును కొలిచిన చాలును. 30 డిగ్రీల వెచ్చదనముగల మంచినీటిలో ధ్వనివేగము సెకనుకు 1509 మీటర్లు. ఆ చొప్పున, మన ఎఱ్ఱ దీపమునకు, ఆరు మీటర్ల దూరమున, ఆ మూరలు 46 మిల్లీమీటర్లన్నర రావలెను. ఈ సంగతి నేను వారికి ముందుగా చెప్పలేదు. కాని పుస్తకములలో నున్నది. పుస్తకములు మూయబడి యుండవు గదా.

నాలుగు పుస్తకములు నా బల్లమీదకు వచ్చినవి. నాలుగింటను 46 మిల్లీమీటర్లన్నరయే! నాకు సంతోషము కలుగవలసినదే. కాని ఒక పుస్తకమున కాగితము పలుచబడి యుండెను. దీపమున కెదురుగా పట్టి చూచితిని. రబ్బరుతో తుడిచిన 48 అను అంకె చక్కగా కనబడినది. ఆ జట్టువారిని పిలిచి అడిగితిని. వారు దొంగలవలె తల వంచుకొనిరి. వారిలో నాయకుడు చివరకు నోరు విప్పి, “మాకు 48 వచ్చినదండి. లెక్కకట్టగా 1462 మాత్రమే తేలినది. తప్పని తెలిసి సరిదిద్దితిమి” అనెను. “సరిదిద్దితిమి” అను ఆ మాట నా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. వాడు అబద్ధమాడుట లేదు. తాను చేసినది మంచి పనియే యని వాడు నిజముగా నమ్మియున్నాడు. అట్లు నమ్మించిన వారము మనము.

మరునాడు ఆ జట్టువారిచేతనే ప్రయోగమును మరల చేయించితిని. మరల 48. మూడవసారియు 48. అప్పుడొక బాలుడు టేపు పట్టుకొని గోడవరకు నడచి, వెనుకకు వచ్చి, బల్లయంచున నిలిచి, “అయ్యా, ఆరు మీటర్లు మేము ఇక్కడినుండి కొలిచితిమి, తొట్టి బల్లమీద ఇంకను వెనుక నున్నది” అనెను. కొలువగా 19 సెంటీమీటర్లు. ఆ 19 కలిపి లెక్క కట్టిరి: ధ్వనివేగము 1509 కి ఇంచుమించుగా వచ్చి కూర్చున్నది. వారి కన్నులలో ఆనాడు కనబడిన కాంతి, చుక్కలు తొలుత మొలచిన సాయంకాలమునాటి కాంతికంటె హెచ్చైనది. 48 తప్పు కానే కాదు. గోడమీద నిజముగా 48 మిల్లీమీటర్లే యున్నవి. తప్పు టేపులో నుండెను. రబ్బరుతో తుడిచినది తప్పును గాదు, తప్పును చూపు వ్రేలిని.

మిగిలిన మూడు జట్ల పుస్తకములను నేను ఇప్పటికిని అనుమానముతోనే చూచుచున్నాను. వారు న్యాయముగా కొలిచి యుండవచ్చును. అయినను ముగ్గురికిని ఒక్క వెండ్రుకవాసి భేదము లేకుండ ఒకే అంకె వచ్చుట నా అనుభవమున కానరాదు. ఉదయము కొలిచిన జట్టునకు నీరు 27 డిగ్రీలు, మధ్యాహ్నము కొలిచిన జట్టునకు 32 డిగ్రీలు ఉండెను. ఆ మాత్రపు వెచ్చదనపు భేదమునకే ధ్వనివేగము సెకనుకు 12 మీటర్లు మారును. ఈ మార్పు ఎవరి పుస్తకమునను లేదు!

నేను కళాశాలలో చదువుకొన్ననాడు మాకును ఇదే అలవాటు. అన్నగారి ప్రయోగపుస్తకము తమ్మునికి ఆస్తిగా సంక్రమించుచుండెను. లోలకమును ఊపకయే గురుత్వ త్వరణమును 9.8 అని వ్రాసి, నమ్మకము పుట్టించుటకై ఒక వరుసలో 9.7 అనియు, ఒక వరుసలో 9.9 అనియు చేర్చువారము. అందులో కొందరము నేడు ఉపాధ్యాయులము. ఇది ఒక్క బాలుని దోషము గాదు. పుస్తకపు అంకె వచ్చినవానికి పది మార్కులును, రానివానికి ఐదును వేయునంతకాలము, బుద్ధిమంతుడైన బాలుడు పుస్తకపు అంకెనే తెచ్చును. ఎక్కడనుండి తెచ్చెనని అడుగువారు లేరు.

కావున నా యభిప్రాయమిది. మన పాఠశాలలో ప్రయోగమునకు మార్కులు వేయునపుడు అంకె సరిపోయెనా యని గాక, కొలత ఎట్లు చేసిరి, ఎన్నిమారులు చేసిరి, సరిపోనిచో కారణమును వెదకిరా యని చూచి వేయవలెను. ప్రయోగపుస్తకమున పెన్సిలును రబ్బరును నిషేధించి, సిరాతో వ్రాయించవలెను; కొట్టివేసిన అంకె చదువుటకు వీలుగా నుండవలెను. ఇది చిన్న మార్పే. కాసు ఖర్చు లేదు. అయినను, తల్లిదండ్రులు సహింపకున్నచో ఇది సాగదు. ఇంట పుస్తకము తెరచి చూచు తండ్రిగారికి కొట్టివేతలు కనబడగానే, “ఇంత అసహ్యముగా వ్రాయుదువా” అని కోపము వచ్చును. అమ్మయ్యలారా, అయ్యలారా, ఆ కొట్టివేతను చూచి కోపించుటకు ముందు, అదేమని పిల్లవానిని ఒక్కమాట అడుగుడు. వాడు చెప్పగలిగినచో వాడు చదువుచున్నాడని తెలిసికొనుడు.

ఇందుకు ఎదురు చెప్పువారు లేకపోలేదు. అతిధ్వనులు, వివర్తనము ఉన్నత పాఠశాల పాఠ్యక్రమమున లేవుగదా, కళాశాల విద్యను ముందే తలకెక్కించుట యేల యని నాతోడి ఉపాధ్యాయులే అడిగిరి. వారి మాటలో కొంత నిజమున్నది. బెస్సెల్ ప్రమేయములను తొమ్మిదవ తరగతికి బోధించుమని నేననుట లేదు. భాగహారము వచ్చినవారికెల్ల ఈ ప్రయోగపు లెక్క వచ్చును. పాఠ్యక్రమములోని ప్రయోగములలో ఫలితము పిల్లలకు ముందే తెలిసియుండుట పెద్ద కీడు. తెలియనిదానిని ఒక్కదానినైనను కొలువనిచ్చినగాని కొలత యనగా నేమో వారికి తెలియదు. మఱియొక మాట చెప్పిరి: లేజరు దీపము కంటికి చేటని. అది ముమ్మాటికిని నిజము. కిరణము మోకాలి యెత్తునకు దిగువనుండవలెను, ఎదుట అద్దము గాని మెఱుగు గిన్నె గాని ఉండరాదు, ఉపాధ్యాయుడు దగ్గర లేనిది దీపము వెలుగరాదు. ఈ నియమమును మీరిన బాలునికి ప్రయోగశాల తలుపు మూయుటకు నేను వెనుదీయను.

వార్షికోత్సవమున ఈ ప్రయోగమును మేజాబల్లమీద పెట్టి చుట్టములకు చూపుదమని కొందరనిరి. చూపుట మంచిదే. కాని ఏటేట జరుగు ప్రదర్శనములలో ఒక బాలుడు కంఠస్థము చేసిన వాక్యములు వల్లించుటయు, వచ్చినవారు తలయూచి ప్రక్క బల్లకు పోవుటయు చూచి చూచి నాకు విసుగు పుట్టినది. చుక్కలు మొలచుట ఒక గారడీగా మిగిలిపోవునేని, అద్దాల బీరువాలోనే ఉంచుట మేలు. బీరువా మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: పగులునను భయముచే తాళము వేసి యుంచిన గాజు సామాను పగులదు, ఎవ్వరికిని పనికిరాదు కూడ. సంవత్సరమునకు పది బీకరులు పగులుటకు సిద్ధపడుడని మన యాజమాన్యమువారిని వేడుచున్నాను.

వచ్చు సంవత్సరము ఏమి కొలువవలెనో నాకొక ఊహ కలదు. ఇందులకు సమాధానము ఏ పుస్తకమునను లేదు. కావున తుడిచి వ్రాయుటకు తావు లేదు. ఉప్పునీటిలో ధ్వని మంచినీటిలోకంటె వడిగా పోవును. 30 డిగ్రీలయొద్ద సముద్రజలమున దాని వేగము మంచినీటికంటె సెకనుకు సుమారు 37 మీటర్లు హెచ్చు. మన పులికాటు నీరు ఏడాది పొడుగున ఒకటే తీరుగా నుండదు. ఈశాన్య ఋతుపవన కాలమున కాళంగి మొదలగు నదుల వరద నీరు చేరి చప్పబడును, ఎండకాలమున ఉప్పెక్కును. పడవలమీద బ్రతుకు జాలరివారికి ఇది తాతలనాటినుండి తెలిసిన సంగతియే. మన పిల్లలు నెలకొకమారు, ఒకే తావున, సరస్సు నీటిని సీసాతో తెచ్చి, మడ్డి తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి, తొట్టిలో పోసి చుక్కలను కొలిచినచో, సరస్సు ఉప్పదనము ఏ నెల ఎట్లు మారినదో గోడమీద వ్రాసినట్లు కనబడవలెను.

కాని ఎంత సూక్ష్మముగా కనబడునో గమనింపుడు. ధ్వనివేగము హెచ్చిన కొలది చుక్కలు దగ్గరకు వచ్చును. మంచినీటిలో 46 మిల్లీమీటర్లన్నర యున్న మూరలు సముద్రజలములో 45 మిల్లీమీటర్ల 4 పాళ్లగును. అంతయు కలిసి ఒక్క మిల్లీమీటరు చిల్లర! ఈ చిల్లరలోనే సరస్సు సంవత్సర చరిత్రయంతయు ఇమిడియున్నది. ఉష్ణమాపకమును చూచుట మరచిన పిల్లవాడు ఐదు డిగ్రీల పొరపాటుతో అందులో మూడవ వంతును పోగొట్టుకొనును. అంకెను ఇంచుక అటునిటు నెట్టిన పిల్లవాడు మొత్తమును పోగొట్టుకొనును. నిజము చెప్పుట యను గుణము ఇచ్చట నీతిపాఠముగా గాక పనిముట్టుగా కావలసివచ్చుచున్నది.

సీసాలు తెచ్చుటకు సరస్సొడ్డు పల్లెలనుండి వచ్చు నలుగురు బాలురును, ముందు చెప్పిన ప్రశ్న వేసిన బాలికయు ఒప్పుకొన్నారు. మంచి ఉష్ణమాపకములు రెండు కావలెను. గోడకు క్రొత్తగా సున్నము వేయవలెను. టేపును తొట్టినుండియే పట్టవలెనని ఆ జట్టువారు బల్లమీద ఎఱ్ఱసిరాతో గీత గీచి యుంచినారు.